టేపక్క కొలతల పుస్తకం

మా అక్క గురించి రాయమంటే నేను నిష్పక్షపాతంగా రాయలేను. ముందే చెప్పేస్తున్నాను. ఆవిడ నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. నన్ను చంకనేసుకుని పెంచింది. నాకు జుట్టు నెరిసినా ఇప్పటికీ పదిమందిలో నా పైట సర్దుతుంది. అయినా సరే, నీకు తెలిసినవాళ్ళలో గొప్పగా చెప్పుకోదగ్గ మనిషి ఎవరని అడిగితే నేను ఆలోచించుకోవడానికి కూడా ఆగను. మా అక్కే. మా చర్చివాళ్ళు నడిపే హోమ్‌లో ఆవిడ దర్జీ.

హోమ్ అంటే డెబ్భై ఇద్దరు మనుషులుండే రెండంతస్తుల భవనం. నడవలేనివాళ్ళు, చెయ్యి వంకర పోయినవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, మాట రానివాళ్ళు, చూసుకునే దిక్కు లేక వచ్చినవాళ్ళు అక్కడ ఉంటారు. నేను ఆ హోమ్ ఆఫీసులోనే గుమాస్తాను. కాబట్టి ఇందులో సగం కళ్ళారా చూసింది, సగం చెవులారా విన్నది. కల్పించింది ఏమీ లేదు.

వంటగదికీ బట్టలుతికే గదికీ మధ్య ఉన్న చిన్న గదిలో అక్క ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కుడుతోంది. కిటికీ కింద కాలితో తొక్కే మిషను, దాని పక్కన కరెంటు మిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకి మేకు, మేకుకి కత్తెర. ఆ కత్తెరతో కాగితం కత్తిరించినవాళ్ళెవరూ ఇంతవరకూ బతికి బట్టకట్టలేదు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. ఆదివారం ఆరాధనకి కూడా తీయడం మర్చిపోయి వచ్చేస్తుంది. అందుకే అందరికీ ఆవిడ టేపక్క. ఒకసారి పాస్టరుగారు కూడా ప్రార్థనలో "మా టేపక్కను దీవించు ప్రభువా" అనేసి నాలుక కరుచుకున్నారు. ఆ ఊపులో నేను ఆమెన్ కొంచెం గట్టిగానే అన్నాను.

ఆవిడ దగ్గర నల్ల అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉంది. మనిషికి రెండు పేజీలు. ఛాతీ, నడుము, పొడవు రాసుకుని ఊరుకునే పుస్తకం కాదది. ఎవరి మెడ ఎంత ముందుకు వంగిందో, చక్రాల కుర్చీలో కూర్చుంటే ఎవరి చొక్కా వెనక ఎంత పైకి లాగుతుందో, ఏ కుట్టు ఎవరి ఒంటికి ఎక్కడ ఒరుసుకుంటుందో అన్నీ అందులో ఉంటాయి. ప్రతి నెలా మొదటి సోమవారం కొలతల రోజు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా నిలబడి అడుగుతుంది.

"కొలత తీసుకోమంటారా?"

చిన్నవాళ్ళయినా, ముసలివాళ్ళయినా 'మీరు' అనే అంటుంది. మాట రానివాళ్ళను కూడా అడుగుతుంది, అడిగి ఆగుతుంది. కళ్ళు ఆర్పడమో, వేలు కదపడమో, ఏదో ఒక జవాబు వచ్చేదాకా టేపు మెడలోంచి తీయదు. ఎవరినీ ఒంటిమీద చెయ్యి వేయనివ్వని ఒక పెద్దావిడ ఉంది, మేమంతా మహారాణి అంటాం. ఆవిడ అక్కని ఒక్కోసారి అరగంట నిలబెడుతుంది. అక్క నిలబడుతుంది. ఇంకో సంగతి, కొలిచిన అంకెను అక్క ఎన్నడూ పైకి చదవదు. పని నేర్చుకున్న రోజుల్లో ఒక కొట్లో పెద్ద దర్జీ ఒక లావుపాటి ఆవిడ నడుము కొలత గొంతెత్తి చెప్పాడట. కొట్లో వాళ్ళంతా తల తిప్పి చూశారట. ఆ రోజు నుంచి అంకె టేపు మీంచి తిన్నగా పుస్తకంలోకి వెళ్ళాల్సిందే, మధ్యలో నోటి దగ్గర ఆగకూడదని పెట్టుకుంది.

అలాగని మా అక్క పుట్టుకతోనే దేవదూత కాదు. ఆ మాటా చెప్పాలి. చేరిన మూడో ఏడు ఒక తప్పు చేసింది.

హోమ్‌లో ఒక మాస్టారున్నారు. ఒకప్పుడు పిల్లలకి లెక్కలు చెప్పేవారు, ఇప్పుడు హోమ్‌లో ఆగిపోయిన గడియారాలన్నీ బాగుచేస్తారు. ఆయనకి గూని. దాన్ని నేను దాచక్కర్లేదు, అందరికంటే ముందు తన గూని గురించి జోకు వేసేది ఆయనే. ఆ ఏడు హోమ్ వార్షికోత్సవానికి అందరికీ కొత్త బట్టలన్నారు. ఉన్నవి పది రోజులు. అక్క తిండీ నిద్రా మానుకుని కుట్టింది. అప్పుడే కొత్తగా హోమ్‌లో చేరిన మాస్టారి దగ్గరికొచ్చేసరికి టైము లేక, ఆయన కొలత తీయకుండా, దాదాపు ఆయనంతే ఎత్తున్న వేరే ఆయన కొలత మీద అంచనాగా ఒక చొక్కా లాగించేసింది. మాస్టారు వేసుకున్నారు, బాగుందన్నారు. ఆరాధన జరిగినంతసేపూ గోడకి వీపు ఆనించి కూర్చున్నారు.

వారం తర్వాత ఆ చొక్కా ఉతుక్కి వచ్చింది. ఆరేస్తూ అక్క చూసింది. వీపు కుట్టు విప్పి ఉంది. మాస్టారే ఆ సందులో తన చేతిరుమాలు ముక్క పెట్టి, గడియారాల పనిముట్లతోనే పొడిచి పొడిచి, ఎలాగో కలిపి కుట్టుకున్నారు. మెడ పట్టీ లోపల ఎర్రగా మరక, పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయింది. అక్క ఆ తడి చొక్కా పట్టుకునే ఆయన దగ్గరికి పరిగెత్తింది. తప్పయిపోయింది మాస్టారూ అంది. ఆయన ఏ కోపమూ లేకుండా నవ్వారు.

"పర్లేదు టేపక్కా. నాకలవాటే."

తిట్టినా బాగుండేదని అక్క నాతో అంది. ఆ రోజంతా ఏడ్చింది. ఒక మనిషిని దేవుడు శ్రద్ధగా చేస్తే, తను కనీసం చూడకుండా కుట్టినదాన్ని ఆ మనిషి అలవాటు చేసుకోవాల్సి వచ్చిందే అని ఏడ్చింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో కొలత తీయకుండా ఒక్క గుండీ కూడా కుట్టలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పాస్టరుగారు, దేవుడు మనిషిని తన పోలికలో చేశాడనే మాట మీద గంటసేపు ప్రసంగించారు. ఆ సాయంత్రం కుట్టుగదిలో కూర్చుని గుండీలు ఏరుతూ, నాకు నోరు ఊరుకోక అడిగాను.

"అయితే దేవుడికి గూని ఉంటుందా అక్కా?"

నెత్తిన మొట్టికాయ పడుతుందనుకున్నాను. పడలేదు. అక్క మిషను తొక్కుతూనే ఉంది. రెండు రోజులు నాతో మామూలు మాటలే మాట్లాడింది. మూడోరోజు అన్నం తింటూ తింటూ ఆగింది.

"ఆ పోలిక మనిషిలో ఎక్కడుందో పాస్టరుగారు చెప్పలేదు. తలలో ఉందో, గుండెలో ఉందో, వీపులో ఉందో నాకేం తెలుసు. తెలీనప్పుడు ఎక్కడని తక్కువ కుట్టను?"

నేను చదువుకున్నదాన్ని, వాక్యం మీద పెద్దవాళ్ళు రాసినవి కూడా కొన్ని చదివాను. అంతకన్నా మంచి జవాబు నాకింకా ఎదురుపడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది హోమ్‌కి కొత్త సెక్రటరీగారు వచ్చారు. చెడ్డవాడని రాయాలని నాకు చేతులు దురద పెట్టేవి కానీ, కాదు. వచ్చిన నెలలోనే కారే పైకప్పు బాగుచేయించారు, మందులు వేళకి వచ్చేలా చూశారు. అన్నీ లెక్క ప్రకారం ఉండాలనే మనిషి. ఆయన కన్ను కుట్టుగది మీద పడింది. అక్క ఒక్కతే డెబ్భై ఇద్దరికీ కుట్టి ఒక చుట్టు పూర్తి చేయడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఈలోపు చివరివాళ్ళ మోచేతులు చిరుగుల్లోంచి బయటికొస్తాయి. అది నిజమే, మేమూ కాదనలేం. మూడు సైజుల్లో రెడీమేడు బట్టలు తెప్పిస్తే అందరికీ ఒక్క రోజులో అయిపోతుందన్నారాయన. కుట్టుగది మందుల గది అవుతుంది. అక్క బట్టలుతికే వైపు వెళ్తుంది. ముందు పన్నెండు జతలు నమూనాకి తెప్పించి, శనివారం కమిటీ పెద్దల ముందు తొడిగి చూసి, బాగుంటే సోమవారం మొత్తానికి చెప్పేస్తామన్నారు.

అక్క ఆయన గదికి వెళ్ళింది. నేను ఫైళ్ళు సర్దుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

"బట్టలదేముందమ్మా," అన్నారాయన, మెత్తగానే. "దేవుడు చూసేది లోపలే కదా."

"లోపల చూసేది దేవుడే సార్. బయట చేసిందెవరు?"

ఆయన పెన్ను ఆగింది. కానీ శనివారం మాత్రం ఆగలేదు. అక్క తిరిగొచ్చి మిషను మీద దుమ్ము లేకపోయినా తుడిచింది. ఆ గది పోతే ఆవిడకి ఇంకో పని దొరకదని కాదు. ఉతికే పనికి ఆవిడ సిగ్గుపడే మనిషీ కాదు. ఆ పుస్తకంలో ఉన్న డెబ్భై ఇద్దరూ మళ్ళీ చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ అయిపోతారని ఆవిడ బెంగ.

శుక్రవారం మధ్యాహ్నం సెక్రటరీగారే కుట్టుగదికి వచ్చారు, చేతిలో కొత్త కోటుతో. మరునాటికి వేసుకోవాలని కొన్న రెడీమేడు కోటు. ఎడమ చెయ్యి పొడుగొచ్చింది, కొంచెం మడిచి కుట్టండి అన్నారు. నేను గుడ్డల లిస్టు తీసుకురావడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. నన్ను పొమ్మనే తీరిక వాళ్ళిద్దరికీ లేదు.

అక్క ఆయన ఎదుట నిలబడి, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది.

"కొలత తీసుకోమంటారా?"

ఆయన నవ్వబోయి, ఆవిడ నిజంగానే జవాబు కోసం ఆగిందని చూసి, ఊఁ అన్నారు. అక్క భుజాల మీద టేపు వేసింది. ఒకసారి వేసింది, మళ్ళీ వేసింది. ఆయన మొహంలో రంగు మారింది.

"కంపెనీవాళ్ళ తప్పు. చెయ్యి పొడుగు పెట్టారు," అన్నారు.

"చెయ్యి సరిగ్గానే ఉంది సార్," అంది అక్క, అంతే. ఏ అంకే చెప్పలేదు. ఆయన ఎడమ భుజం కుడి భుజం కన్నా బాగా కిందికి ఉందని నాకు కూడా అప్పుడే కనిపించింది. అన్నాళ్ళూ ఎప్పుడూ ఎడమ చంకలో ఫైలు ఇరికించుకుని ఎందుకు నడుస్తారో నాకు ఆ క్షణాన అర్థమైంది. అక్క కోటు చెయ్యి ముట్టుకోలేదు. ఎడమ భుజం అస్తరు విప్పి, లోపల మెత్తటి గుడ్డ నాలుగు మడతలు పెట్టి, మూసి కుట్టింది. పుస్తకంలో కొత్త పేజీ తెరిచి రాసుకుంది. ఆయన కోటు వేసుకుని కిటికీ అద్దంలో చూసుకున్నారు, చాలాసేపు చూసుకున్నారు. థాంక్స్ అని మాత్రం అని వెళ్ళిపోయారు.

సంతోషంతో నా కాళ్ళు నేల మీద ఆగలేదు. "నీ గది నిలబడిందక్కా. రేపు కమిటీ ముందు ఈ సంగతి ఒక్కటి చెప్పావంటే చాలు," అన్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆ కత్తెరతో కాగితం కత్తిరించినట్టు చూసింది.

శనివారం పొద్దున భోజనాల హాల్లో బల్లలు పక్కకి జరిపారు. కమిటీ పెద్దలు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. పన్నెండు మందికి నమూనా బట్టలు తొడిగారు. ఏడుగురికి ఫర్వాలేదనిపించింది, అబద్ధం ఎందుకాడాలి. మహారాణి తన గౌను ముట్టుకోనే లేదు, మడత పెట్టి దాని మీద కూర్చుంది. చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయన చొక్కా వీపు మధ్యకి ఎగబాకింది. గూనికి పట్టాలని మాస్టారికి పెద్ద సైజు ఇచ్చారు. వీపు ఎలాగో పట్టింది కానీ చేతులు రెండూ గుడ్డలో మునిగిపోయాయి. వేళ్ళ కోసం వెతుక్కుంటూ నిలబడ్డారు.

సెక్రటరీగారు నిలబడి వివరిస్తున్నారు. కమిటీ పెద్దాయన ఆయన కోటు వైపు చూసి మెచ్చుకున్నారు.

"మీ కోటు బాగా కుదిరిందండీ. ఇదీ రెడీమేడేనా?"

"అవునండి," అన్నారు సెక్రటరీగారు.

"మరింకేం. చూడండి, కొలిచి కుట్టినట్టే ఉంది," అన్నారు పెద్దాయన, మా అక్క వైపు తిరిగి, సర్దిచెప్పే గొంతుతో.

నేను అక్క మోచేతిని పొడిచాను. ఇంతకన్నా మంచి అదను జన్మలో రాదు. ఒక్క మాట అంటే చాలు, గది ఆవిడది. సెక్రటరీగారి మొహం పాలిపోయి ఉంది. ఆయన కూడా అదే మాట కోసం భయపడుతూ అక్క వైపు చూస్తున్నారు.

"చెప్పక్కా," అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

"ఆ పేజీ ఆయనది," అంది అక్క నాకు మాత్రమే వినపడేలా. చేతులు కట్టుకుని నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పని కళ్ళముందే పోతుంటే ఈవిడ మర్యాద కాస్తోందేమిటి అనుకున్నాను. మాస్టారి వీపుకున్న గౌరవమే సెక్రటరీగారి భుజానికీ ఉందని, ఆయన తన గది లాక్కుంటున్నాడు కాబట్టి ఆ గౌరవం తగ్గిపోదని నాకు ఆ నిమిషంలో తట్టలేదు. తట్టడానికి నాకు మా అక్క మనసు లేదు.

కమిటీ పెద్దాయన అప్పుడు మాస్టారిని అడిగారు, ఎలా ఉందండీ చొక్కా అని. మాస్టారు గుడ్డలోంచి ఒక వేలు బయటికి తీసి, అందరినీ నవ్వించడానికి దాన్ని ఊపారు.

"పర్లేదండి. నాకలవాటే."

అక్క తల దించుకుంది. ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. హాలంతా నవ్వింది కానీ సెక్రటరీగారు నవ్వలేదు. ఆయన నిలబడి నిలబడి, మెల్లగా కోటు విప్పి కుర్చీ మీద వేశారు. లోపలి చొక్కా ఎడమ వైపు జారి ఉంది.

"ఈ కోటు నాకు కుదరలేదండీ. నిన్న ఆవిడ కుదిర్చారు," అన్నారు. "నా భుజం ఒకటి కిందికి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ. ఎవరికీ తెలియకుండా చూసుకున్నాను. ఆవిడకి నిన్న తెలిసింది. ఇప్పుడు చెప్పేయొచ్చు, చెప్పలేదు." మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఆయన చేతుల దగ్గర గుడ్డ పైకి మడవడం మొదలుపెట్టారు. "అలవాటే అని నేనూ చాలా చోట్ల అన్నానండీ మాస్టారూ. అలవాటు అవదు."

ఈ సంగతి రాయొచ్చా అని నేను తర్వాత ఆయన్నే అడిగాను. రాయమన్నారు. వద్దంటే రాసేదాన్ని కాదు, అంతమాత్రం నేనూ నేర్చుకున్నాను. నమూనా బట్టల్లో కుదిరినవారికి అవి ఉంచేసి మిగతావి తిప్పి పంపారు. ఆలస్యం సంగతి కూడా మర్చిపోలేదాయన. బట్టలుతికే ఆవిడకి సగం రోజు కుట్టుగదిలో పని వేశారు, రెండో మిషను ఇప్పుడు ఖాళీగా లేదు. మందుల గదికి ఆఫీసులో నా గదిలోంచి సగం కోశారు. అది నాకు ఇప్పటికీ మంటే.

తర్వాతి నెల మొదటి సోమవారం వచ్చింది. కుట్టుగది ముందు వరస, చివర్లో సెక్రటరీగారు, చంకలో ఫైలు లేకుండా. తన వంతు వచ్చాక తలుపు వేయనివ్వకుండానే లోపలికి వచ్చి, ఇంట్లో వేసుకోవడానికి రెండు చొక్కాలు కావాలన్నారు. గుడ్డల లిస్టుతో నేనూ అక్కడే ఉన్నాను. అక్క ఆయన పేజీ తీసేలోపు ఆయనే పుస్తకం ముందు నుంచి చివరిదాకా పేర్లు మాత్రం చూస్తూ తిరగేశారు.

"మీ పేజీ ఏదమ్మా?"

"నాదెందుకు సార్. నా కొలత నాకు తెలుసు."

పచ్చి అబద్ధం. అన్నేళ్ళు మిషను మీద వంగి వంగి అక్క వీపు వంగిపోయింది. అయినా తన గౌనులన్నీ పాతికేళ్ళ వయసులో తీసుకున్న కొలతతోనే కుట్టుకుంటుంది. అవి వెనక ఎగబాకుతాయి, మెడ దగ్గర పట్టేస్తాయి. మేమంతా చూస్తూనే ఉన్నాం, ఎవరమూ అనలేదు. తలుపు దగ్గర గడియారం ముల్లు బిగిస్తున్న మాస్టారు పనిముట్లు కింద పెట్టి లేచారు. అక్క మెడలోంచి టేపు తీసుకోబోయి, చెయ్యి ఆపుకుని, ఎదురుగా నిలబడ్డారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు నువ్వు అని పిలిచిన మనిషి అడిగారు.

"కొలత తీసుకోమంటారా?"

డెబ్భై ఇద్దరిని ఆ మాట అడిగిన మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది. గౌను వెనక లాక్కుంది, నా వైపు చూసింది, నేల చూసింది. మాస్టారు టేపు ముట్టుకోకుండా నిలబడ్డారు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు, ఎంతసేపైనా నిలబడగలరు. మహారాణి కూడా గుమ్మంలో ఆగి చూస్తోంది.

చివరికి అక్క తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోకుండానే వీపు తిప్పి నిలబడింది.

మాస్టారు కొలిచారు. అంకె పైకి చదవలేదు. టేపు మీద వేలు పెట్టి నాకు చూపించారు, నేను రాశాను. పైన అక్క పేరు పూర్తిగా రాశాను, టేపక్క అని రాయలేదు. భుజం, ఛాతీ, చెయ్యి, పొడవు. వీపు దగ్గర ఆయన రెండుసార్లు కొలిచారు, వంపు ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో అంతా నేను రాశాను.

ఎంతో మాత్రం చెప్పను. ఆ పేజీ మా అక్కది.